లక్ష్మక్క లేని నాటకం

ఆదివారం, రాత్రి

అమీర్‌పేట మేడ మీద ఈ సాయంత్రం రిహార్సల్ మధ్యలోనే ఆగిపోయింది. మస్కట్‌లో ఒకే ఇంట్లో పనిచేస్తూ, వంటగది వెనక ఇరుకు గదిలో ఏళ్ల తరబడి కలిసి బతికిన మా ఇద్దరి కథే ఈ నాటకం. నా పాత్ర నేనూ, తన పాత్ర లక్ష్మక్కా వేస్తున్నాం. మా అమ్మ పోయిందని ఫోన్‌లో విని నేను కూలబడితే, అక్క నా తల ఒళ్లో పెట్టుకునే ఘట్టం నడుస్తోంది. ఆనాడు నిజంగానే ఆ ఒడి తప్ప నాకు దిక్కు లేదు.

అప్పుడే అక్క కొడుకు పైకొచ్చాడు.

"చెల్లె పెండ్లి కుదిరింది. మా అమ్మ అరబ్బులింట్ల గిన్నెలు తోమిందని గిట్ల స్టేజీ ఎక్కి చెప్తరా? జర మా ఇజ్జత్ సుత సూడుండ్రి," అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

అక్క వాదిస్తుందనుకున్నాను. లేచి చీర దులుపుకుని దర్శకురాలి వైపు తిరిగింది.

"నేను ఆడ్నే, మస్కట్‌ల్నే సచ్చిపోయిన్నని రాసుకోండ్రి," అంది.

"మరి నేనేం కావాలక్కా?"

"నువ్వు నాకు ఏమైతవని మావోళ్లకు చెప్పాలె, బిడ్డా?"

కొడుకు వెనకే అక్క మెట్లు దిగిపోయింది. దర్శకురాలు అక్క అన్నట్టే కథ మార్చేద్దామంది. ఇక ప్రదర్శన రోజు పంజాగుట్ట హాల్లో నేను అక్క చావుకు ఏడవాలి. అక్కేమో బల్కంపేటలో కూతురి పెళ్లిపనుల్లో ఉంటుంది.

ఆమె మెట్లు దిగుతుంటే, ఆ పెళ్లికి నన్ను పిలుస్తావా అని అడగబోయి ఊరుకున్నాను. పిలవదని తెలుసు.