లాంతరు దీవి, మూడో భాగం

నందికొండ,
9 జులై 2016

కోడలు పిల్ల అక్షితకు మీ భాగ్యత్త దీవెనలు.

హాస్టల్ల బువ్వ మంచిగుంటాందా? నువ్వు పోయినకాడికెల్లి నేను మూడో భాగంలనే ఇరుక్కున్న. కావలోని జేబులకెల్లి తాళంచెయ్యి కొట్టేసిన. గోడకాడి కుక్కనే ఇడుస్తలేదు. రొట్టె ఏసిన, బొక్క ఏసిన, పాట గూడ పాడిన. గోడ అవతల పడవ తయారున్నది. ఆ కుక్కనెట్ల తప్పిచ్చుకోవాల్నో జర ఆలోచన చేసి రాయి. నువ్వు లేంది నేను దాటలేను.

ఉంటా మరి,
భాగ్యత్త

తా.క.: రాజును నేనే చంపిన్నని ఊరంత అనుకుంటాంది. ఫికర్ చెయ్యకు, చెక్క పీపల దాచిపెట్టిన.

---

జడ్చర్ల,
14 జులై 2016

శ్రీమతి భాగ్యలక్ష్మి గారికి,

ఈ హాస్టల్లో ఫోన్లు నిషేధం. ఉత్తరాలు నేను చదివాకే పిల్లలకు చేరతాయి. మీది చదివి వెంటనే మా వాచ్‌మన్ పర్వతాలును జేబులు తిప్పి చూపించమన్నాను. తాళాలన్నీ ఉన్నాయి, అతను మాత్రం నొచ్చుకున్నాడు. మా గోడ దగ్గర కుక్క ఉన్న మాట వాస్తవం. జడ్చర్లలో పడవ ఎక్కడిదో నాకు అంతుపట్టలేదు. వారంలోగా మీ సంజాయిషీ రాకపోతే అక్షితకు టీసీ ఇచ్చి పంపిస్తాను.

భవదీయురాలు,
కౌసల్య, వార్డెన్

తా.క.: ఈ రాజు ఎవరి అబ్బాయి? వాళ్లింట్లో తెలుసా?

---

నందికొండ,
18 జులై 2016

వార్డెన్ మేడం గారికి నమస్కారం.

అదంత కంప్యూటర్ల ఆట మేడం. పేరు లాంతరు దీవి, నాలుగు భాగాలు. నా జిరాక్సు షాపుల పాత కంప్యూటరుతోనే వచ్చింది. కాల్చుడు లేదు, ఉరుకుడు లేదు. కనిపించినదల్ల నొక్కి చూసుడు, దొరికింది సంచిల ఏసుకునుడు, ఏది దేనికి పనికొస్తదో ఆలోచన చేసుడు. నాకు ఇంగ్లీషు రాదు. ఓడ కెప్టెన్ ఏమన్నా అక్షితనే మన మాటల చెప్తది. బయట పదిమందిల నోరిప్పని పిల్ల, కెప్టెన్‌కు మాత్రం మా గొల్లగూడెం యాస పెట్టి నన్ను కడుపుబ్బ నవ్విస్తది. తప్పు నాది. పిల్లను పంపియ్యకుండ్రి, సదువు ఆగిపోతది.

మీ భాగ్యలక్ష్మి

తా.క.: రాజంటే పిలగాడు కాదు, కిరీటం పెట్టుకునే రాజు. సావలేదు, పీపల పండి గురక పెడుతుండు.

---

జడ్చర్ల,
23 జులై 2016

భాగ్యలక్ష్మి గారికి,

మీ మాట నమ్మి ఫైలు మూసేద్దామనుకున్నాను. అంతలో నిన్న మీ మేనకోడలు ఒక గరిటె, సబ్బు ముక్క, సైకిలు గొలుసు సంచిలో వేసుకుంటూ దొరికింది. ఎందుకమ్మా అంటే "ఎప్పుడో పనికొస్తయి మేడం" అంది. ఆదివారం ఆ కంప్యూటరు తీసుకొచ్చి ఆట చూపించండి. చూశాకే నిర్ణయం.

కౌసల్య

తా.క.: సంచిలో నా గొడుగు కూడా ఉంది.

---

జడ్చర్ల,
23 ఆగస్టు 2016

భాగ్యలక్ష్మికి,

మీరు బస్సులో ఒళ్లో పెట్టుకొచ్చిన కంప్యూటరు భద్రంగా ఉంది. పరిశీలన నిమిత్తం ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంచుతున్నాను. అక్షిత టీసీ కాగితం చింపేశాను.

శనివారం సాయంత్రాలు దాన్ని చదువుల గదిలో పెడుతున్నాం. అక్షిత బల్లమీదెక్కి కెప్టెన్ మాటలు చెబుతుంటే ముప్పైమంది పిల్లలు నవ్వుతున్నారు. ఇంగ్లీషు మేడం తలుపు దగ్గర నిలబడి వింటోంది. పర్వతాలు కూడా అలక మాని ముందు వరసలో కూర్చుంటున్నాడు. కుక్కకు మీరు అన్నీ పెట్టారు గాని, పలకరించలేదు. అక్షిత మాట్లాడే గుర్తు నొక్కి "ఏమే, ఒక్కదానివే ఉన్నవా?" అని అడిగింది. అది లేచి పక్కకు జరిగింది. పడవెక్కాం.

నిన్న మీరు అక్షితకు పంపిన ఉత్తరం అందింది. విప్పకుండానే ఇచ్చేశాను. ఇక ముందు కూడా మీ ఉత్తరాలు నేను విప్పను.

కౌసల్య

తా.క.: మిగతావాళ్ల ఉత్తరాలకు నియమం మారలేదు. నాలుగో భాగంల ఏమైతదో నువ్వు ముందే ఆలోచన చేసి గా ఉత్తరంల రాసి ఉంటవని భయం. నాకు చెప్పకు తల్లీ, నేనే చూసుకుంట.