వేయని గడియ

గుంటూరు,
మార్చి 11, బుధవారం.

ప్రియమైన త్రినాథ్‌కి,

నువ్వు పంపిన పెట్టె నిన్న మధ్యాహ్నం కొట్టుకి చేరింది. మంగళగిరి నుంచి రావలసిన చీరలేమోననుకుని కత్తెరతో తాడు కోశాను. లోపల నీ పట్టకార్లు, సన్న రంపం, కంటికి బిగించుకునే భూతద్దం, పాత గుడ్డలో చుట్టిన డ్రిల్లు ముక్కలు. పైన ఒక చీటీ. "భావనారాయణా, ఇవి పనికొచ్చేవాళ్ళకి ఇవ్వు. నా చేతులకి ఇక వీటితో పని లేదు." ముప్ఫై రెండేళ్ళు సర్వేయరుగా పొలాల గట్లు కాగితం మీద గీసిన చెయ్యి రాసిన అక్షరాలవి. వంకర పోయాయి. పెట్టెని కౌంటరు మీదే వదిలేసి, కొట్టు మా అబ్బాయికి అప్పజెప్పి, మేడ మీద మన బొమ్మ రైళ్ళ హాల్లోకి వెళ్ళి కూర్చున్నాను.

ఇది ఫోన్లో చెప్పవలసిన సంగతి కాదు. చెబుదామన్నా నువ్వు ఎత్తడం లేదు. ఎత్తి ఉంటే మాత్రం చెప్పేవాణ్ణా అంటే నమ్మకం లేదు. నీ గొంతు వినగానే ఒంట్లో ఎలా ఉందని అడిగి పెట్టేసేవాణ్ణి. అందుకే కాగితం తీశాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. ఆ రోజు గౌస్ బాషా గారి బొమ్మ ఇంజను నేల మీద పడింది నీ చెయ్యి వల్ల కాదు. నా వల్ల.

ఇప్పుడు మొదటి నుంచీ రాస్తాను. నీకు తెలిసిందే చాలా ఉంటుంది, అయినా చదువు. వరుసగా రాస్తే తప్ప చివరిదాకా వెళ్ళే ధైర్యం నాకు రాదు.

కాలేజీ రోజుల్లో క్లాసు ఎగ్గొట్టి గుంటూరు స్టేషను వంతెన మీద నిలబడి రైళ్ళు చూసినవాళ్ళం. అరవై దగ్గర పడ్డాక మళ్ళీ కలిసి అవే రైళ్ళని బల్ల మీద నడుపుకుందామనుకున్నాం. నీకు పర్చూరు నుంచి ప్రతి నెలా రెండో ఆదివారం బస్సు. ఇంజను డ్రైవరుగా రిటైరైన బాషా గారు పాత గుంటూరు నుంచి నడిచి వచ్చేవారు. ఫిజిక్స్ చెప్పే నాగజ్యోతి, మన నలుగురిలో చిన్నది, వైర్ల సంచీ భుజాన వేసుకుని వచ్చేది. పట్టాలూ ఊళ్ళూ పేర్చిన చెక్క పలకని ముక్క అనేవాళ్ళం. ఎవరి ముక్క వాళ్ళు ఇంట్లో తయారు చేసి తెచ్చి, హాల్లో బల్లల మీద కలిపి, గోడల చుట్టూ పట్టాలు పూర్తి చేసేవాళ్ళం. నీ ముక్క మిరపకాయలు ఆరబోసిన కల్లం. ఇటుక పొడికి ఎరుపు రంగు వేసి, ఒక్కో కాయా పట్టకారుతో పేర్చావు. అది చూడ్డానికే కొట్టుకొచ్చిన ఆడవాళ్ళు మెట్లెక్కి పైకొచ్చేవాళ్ళు.

పట్టాలు హాలు గుమ్మానికి అడ్డంగా వెళ్ళాలి కాబట్టి అక్కడ ఎత్తి తీసే ముక్క ఒకటి పెట్టాం. ఎవరైనా లోపలికి రావాలంటే అది ఎత్తాలి, మళ్ళీ పెట్టి రెండు గడియలూ వేయాలి. ఆ పని నాది. ఇల్లు నాది కాబట్టి నేనే అడిగి తీసుకున్నాను.

కిందటి జూలైలో మన గురించి రాయడానికి పేపరు అతను వచ్చిన రోజు గుర్తుందిగా. బాషా గారు మూడేళ్ళు కూర్చుని ఇత్తడి రేకు కోసి, అతికి, వాళ్ళ నాన్నగారు బొగ్గు వేసిన మీటర్ గేజి ఇంజనుని చేసి తెచ్చారు. మొదటిసారి పట్టాల మీద పెట్టారు. నడపమని నీకే ఇచ్చారు. అప్పటికి మూడు నెలలుగా నీ కుడిచెయ్యి కాస్త వణుకుతోంది. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు అందరం చూసేవాళ్ళం, ఎవరం ఏమీ అనేవాళ్ళం కాదు. "నేనొద్దులెండి" అన్నావు నువ్వు. "మీకన్నా మెల్లగా నడిపేవాళ్ళు మనలో లేరు సార్" అన్నారాయన.

పేపరు అతను ఆలస్యంగా వచ్చాడు. నేనే ముక్క ఎత్తి లోపలికి పిలిచాను. ముక్క మళ్ళీ పెట్టాను. గడియలు వేయబోతుంటే, ఇదంతా ఎవరి ఆలోచనండీ అని అడిగాడు. నేను లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. ఆరేళ్ళలో ఒక్క బండి కూడా పట్టా తప్పలేదని, ఈ హాల్లో ఆ క్రమశిక్షణ నాదేనని చెబుతున్నాను. ఆ మాట నా నోట్లో ఉండగానే వెనక చప్పుడైంది.

ఇంజను గ్రానైట్ నేల మీద పడి ఉంది. పొగగొట్టం ఊడింది. ముందు చక్రాలు వంగిపోయాయి. అందరూ చూసింది నీ చేతులనే. నువ్వూ వాటినే చూసుకున్నావు. "చెయ్యి అదిరింది బాషా గారూ. స్పీడు నాబ్ ఎక్కువ తిరిగిపోయింది" అన్నావు.

ముక్కలు ఏరడానికి మొదట వంగింది నేను. వంగినప్పుడు కనిపించాయి. రెండు గడియలూ తెరిచే ఉన్నాయి. ఇంజను బరువుకి ముక్క ఒక పక్కకి ఒరిగింది. నువ్వు ఎంత మెల్లగా నడిపినా పడేదే. అప్పుడు లేచి "నాదిరా తప్పు" అంటే సరిపోయేది. నేను బొటనవేలితో రెండు గడియలూ లోపలికి నెట్టాను. చిన్న చప్పుడు వచ్చింది. ఎవరైనా విన్నారేమోనని తలెత్తి చూశాను కూడా. మరిచిపోవడం వేరు త్రినాథ్. మరిచిపోయిన గుర్తు చెరిపేయడం వేరు. నేను రెండూ చేశాను.

అంతటితో ఆగలేదు. ఆగస్టులో నువ్వు రాలేదు. నడిపే పని త్రినాథ్ గారికి మళ్ళీ ఇద్దామా, ఆయన బాధపడుతున్నట్టున్నారు అని నాగజ్యోతి అడిగింది. "పాపం, ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు" అన్నాను నేను. నీమీద జాలి పడుతున్నట్టు మొహం కూడా పెట్టాను. సెప్టెంబరులో నువ్వు వాట్సాప్ గ్రూపులోంచి వెళ్ళిపోయావు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సినవాణ్ణి నేను.

నీ కల్లం ముక్క ఇక్కడే ఉంది. దుమ్ము పడకుండా జరీ లేని పంచె కప్పాను. క్షమించమని అడగడానికి రాయడం లేదు. నీ చేతులు ఆ ఇంజనుని పడేయలేదని నీకు తెలియాలి. పెట్టె తిరిగి పంపుతున్నాను. చీటీ మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను. అది నాకు రాసిందే.

ఇన్నాళ్ళూ నీ స్నేహితుణ్ణని చెప్పుకు తిరిగిన
భావనారాయణ

పర్చూరు,
మార్చి 19.

భావనారాయణకి,

నీ ఉత్తరం శనివారం అందింది. రెండుసార్లు చదివి, చెప్పులు వేసుకుని చేను దాకా వెళ్ళొచ్చాను. మా ఆవిడ ఉదయశ్రీ ఎక్కడికని అడిగితే ఎండిన పత్తి పుల్ల పీకించాలి, చూసొస్తానన్నాను. అక్కడ నిలబడి నిన్ను అనాల్సినవన్నీ అన్నాను. అవి రాయను. నా అక్షరాలు ఎలాగూ బాగోలేవు, ఆ మాటలు అంతకన్నా బాగుండవు.

నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. మా అమ్మాయి తేజశ్రీ అక్టోబరులో ప్రసవించింది. ఆడపిల్ల. నీ ఉత్తరం వచ్చేదాకా నేను ఆ పాపని ఎత్తుకోలేదు. ఆసుపత్రిలో నర్సు తెచ్చి తాతగారూ పట్టుకోండి అంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాను. జలుబు చేసిందన్నాను. ఆ తర్వాత రోజుకో సాకు. బారసాల రోజున ఒళ్ళో పెట్టబోతే పీటల మీద నుంచి లేచిపోయాను. వియ్యపురాలు నొచ్చుకుంది, ఆడపిల్లని అనుకున్నట్టుంది. తేజశ్రీ కూడా అదే అనుకుందేమో, నన్ను అడగలేదు. నాకు మాత్రం పాప దగ్గరికి వెళ్ళినప్పుడల్లా గ్రానైట్ నేల కనిపించేది.

గుంటూరులో డాక్టరు చూశాడు. వణుకు జబ్బేనన్నాడు. మెల్లగా పెరుగుతుంది, మందులున్నాయి, ఇంకా కొన్నేళ్ళు అన్ని పనులూ చేసుకోవచ్చన్నాడు. నేను నమ్మలేదు. ఇంజను పడ్డ చప్పుడు ఆయన వినలేదు కదా అనుకున్నాను.

చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని మంచం మధ్యలో కూర్చున్నాను. పాపని ఇటు ఇవ్వమ్మా అన్నాను. తేజశ్రీ నా మొహం చూసింది, తెచ్చి ఇచ్చింది. చేతులు వణికాయి. బాగానే వణికాయి. పాప పడలేదు. ఆ వణుకుకి దానికి నవ్వొచ్చింది. తేజశ్రీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అక్కడి నుంచి ఏడుపు వినిపించింది. అప్పుడు అందరికీ నీ ఉత్తరం చదివి వినిపించాను.

క్షమించానని రాసెయ్యమంటోంది ఉదయశ్రీ. నేను రాయలేను. ఐదు నెలలు భావనారాయణా. అరచేతిలో పట్టేంత వయసు దానికి మళ్ళీ రాదు. అది నువ్వు తెచ్చివ్వలేవు. ఎనిమిది నెలలుగా నువ్వు కొట్టులో కూర్చుని చీరలు మడత పెట్టుకుంటున్నావు. నేనిక్కడ నా చేతులని చూసి భయపడుతున్నాను. చెప్పావు కాబట్టి మంచివాడివని అనను. చెప్పకపోతే ఇంకా ఎన్నేళ్ళు గడిచేవో అని మాత్రం అనుకుంటున్నాను.

ఇంకో మాట. నాకు రాసి ఊరుకుంటే సరిపోదు. ఆ ఇంజను బాషా గారిది. వాళ్ళ నాన్నగారి జ్ఞాపకంగా చేసుకున్నది. ఆయన ముందు చెప్పు. నాగజ్యోతి ముందు కూడా. ఉత్తరంలో కాదు, నిలబడి చెప్పు.

త్రినాథ్

గుంటూరు,
మార్చి 23, సోమవారం.

త్రినాథ్‌కి,

నిన్న ఇద్దరినీ హాలుకి పిలిచాను. కుర్చీలో కూర్చుంటే చెప్పలేననిపించి, నువ్వన్నట్టు నిలబడే చెప్పాను. గడియలు నెట్టిన సంగతి దగ్గర ఆగిపోయాను. నాగజ్యోతి "తర్వాత?" అంది. ఆగస్టులో తనతో అన్న మాటతో సహా చెప్పాను. ఆ పిల్ల టీ గ్లాసు కింద పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. నన్నెప్పుడూ అంకుల్ అనే పిలుస్తుంది కదా. నిన్న వెళ్ళేటప్పుడు "వస్తానండీ" అంది.

బాషా గారు ఇంజను గురించి అంటారనుకున్నాను. ఆయన అన్నది ఇది. "ఇత్తడిదేముందండీ, వంగితే మళ్ళీ తిన్నగా చేస్తాను. ఆ రోజు ఆయన చేతుల వంక నేనూ చూశాను. పోనీలెండి అన్నాను కానీ, మనసులో మాత్రం ఆయన చేతిలో పెట్టకుండా ఉండాల్సింది అనుకున్నాను. అదెవరికి చెప్పుకోవాలి నేను?" ఇంత తప్పు చేసి ఆ మనిషి చేత కూడా తప్పు ఒప్పించాను చూడు. పాప సంగతి చెప్పినప్పుడు ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నాతో చెప్పకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఈరోజు పొద్దున కొట్టు తెరుస్తుంటే బాషా గారు వచ్చారు. ఏప్రిల్ రెండో ఆదివారం మన కలయిక ఇక్కడ వద్దట, పర్చూరులో మీ ఇంట్లో పెడదామంటున్నారు. ముక్కలన్నీ వ్యానులో తెస్తారట. ఇంజను సగం బాగైంది, మిగతాది నీ ఎదురుగా కూర్చుని అతుకుతానన్నారు. నీతో ఫోన్లో మాట్లాడతానన్నారు, ఈపాటికి మాట్లాడే ఉంటారు. "నేను కూడా రావచ్చునా?" అని అడిగాను. "అది నన్ను అడిగేది కాదు" అన్నారు.

కాబట్టి నిన్ను అడుగుతున్నాను. నువ్వు వద్దంటే నా ముక్క కూడా వాళ్ళతో పంపిస్తాను, నేను కొట్టులో ఉంటాను. నొచ్చుకోను. నొచ్చుకునే హక్కు నాకు లేదు. రమ్మంటే మాత్రం మొట్టమొదట మీ తేజశ్రీకి చెప్పుకోవాలి. నీకన్నా ఎక్కువ బాధపడింది ఆ తల్లేనేమో. తన బిడ్డని తన తండ్రే ముట్టుకోకపోతే ఆ అమ్మాయి ఏమనుకుని ఉంటుందో తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

నీ జవాబు ఎలా ఉన్నా సరే.

భావనారాయణ

పర్చూరు,
మార్చి 30.

ఒరే భావనారాయణా,

బాషా గారు ఫోన్ చేశారు. అరగంట మాట్లాడుకున్నాం. నాగజ్యోతి కూడా చేసింది. మా ముందు గదిలో కరెంటు పాయింట్లు ఎన్ని ఉన్నాయో ఫోటో తీసి పంపమంది.

నీ సంగతి తేజశ్రీని అడిగాను. అడగాల్సింది తననే కదా. పాపకి నూనె రాయడం పూర్తి చేసి చేతులు తుడుచుకుంది. "రానివ్వండి నాన్నా. నాతో చెప్పాల్సింది చెప్పాక, రైళ్ళ దగ్గరికి వెళ్ళమనండి" అంది. నాకు అంతకన్నా మంచి మాట తోచలేదు.

నీమీద కోపం తగ్గలేదు. నువ్వొచ్చిన రోజున కూడా ఉంటుంది. అది ఉందని తెలిసే రా. నేను మాట్లాడకపోతే మాట్లాడించాలని చూడకు. గుంటూరు నుంచి పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే ఎండ ముదరకముందే చేరతావు. భోజనానికి ముగ్గురొస్తున్నారని ఉదయశ్రీకి చెప్పాను.

త్రినాథ్