కప్పు లేని చర్చిలో

అమ్మా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ప్రార్థన పెట్టిద్దామంటే లాక్‌డౌన్, ఈ పరాయి దేశంలో మన తెలుగువాళ్లు కూడుకునే హాలుకి తాళం. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదట. ఒళ్లు మండి, ఆ హద్దులోనే ఉన్న పాడుబడ్డ క్రైస్తవ మఠానికి నడిచాను. ఎప్పుడో సైనికులు సన్యాసులను తరిమేశారు, అందులోని చర్చి కప్పు కూలిపోయింది. తూర్పుగోడకి సన్నటి పొడవాటి కిటికీలు మాత్రం అద్దాల్లేకుండా నిలబడి ఉన్నాయి.

గుమ్మం దగ్గరే బూట్లు విప్పేశాను. నువ్వు వీపు మీద చరిచి నేర్పిన అలవాటు కదా! లోపలంతా తడి గడ్డి. సమాధి మీద పూలు పెడుతున్న ఐరిష్ ముసలాయన నా కాళ్లు చూసి, "చలికి చస్తావు పిల్లా, బూట్లేసుకో" అన్నాడు.

"చర్చి కదండీ" అన్నాను.

ఆయన టోపీ తీశాడు. కప్పు పోయాక కూడా ఊరివాళ్లు తమవాళ్లని ఈ గోడల మధ్యే పూడ్చుకున్నారట. వాళ్లావిడా ఇక్కడే ఉందట.

"మీవాళ్లెవరైనా ఉన్నారా?"

నీ పెట్టె మట్టిలోకి దించడం ఫోన్‌లో చూసినదాన్ని, ఏం చెప్పను?

"మా అమ్మ" అన్నాను.

ఎక్కడని అడగలేదాయన. సగం పూలు నా చేతికివ్వబోయి, దూరం పాటించాలని గుర్తొచ్చి, రాతిమీద ఉంచి వెనక్కి జరిగాడు.

ఎక్కడ పెట్టాలో తెలియక వాటిని ఇంటికే తెచ్చేసుకున్నానమ్మా.