విరిచిన మిరపకాయ

వియన్నా,
12 అక్టోబరు 2008

పెదనాన్న గారికి,

హంగరీలో దిగిన నా ఫొటోలు చూసి, "చదువుకోమని పంపితే షికార్లేంటే?" అని ఫోన్లో కేకలేశారు. అవును, వెళ్లాను. శని, ఆదివారాలు క్లాసులుండవు. ఎప్పట్నుంచో చూడాలనుకున్న దేశం, రైలెక్కితే మూడు గంటలు. మళ్లీ వెళ్తాను కూడా.

అక్కడి బజారు నిండా ఎండుమిరపకాయల దండలే. మీరు వసారాలో రైతులు తెచ్చిన మచ్చుకాయలు చూసినట్టే, ఒకటి చెవి దగ్గర ఆడించి, విరిచి, వాసన చూశాను. అడక్కుండా విరిచానని కొట్టు పెద్దావిడ కసిరింది. "మా గుంటూరులో విరవకుండా ఎవరూ కొనరండీ" అని ఇంగ్లీషులో చెప్పాను. ఆమె లోపల్నుంచి ఇంకో రకం తెచ్చి, ఇదీ విరిచి ఘాటెంతో చెప్పమంది.

మన మిర్చి యార్డులో తొడిమలు తీసేది ఆడవాళ్లే. ధర తేల్చేచోటికి మాత్రం "ఆడపిల్లకి అక్కడేం పని?" అని నన్నెప్పుడూ రానివ్వలేదు మీరు.

ఆ రెండో రకం కాయ ఒకటి ఈ కవర్లో పెట్టాను. విరిచి, ఘాటెంతో చూసి ఉంచండి. ఫిబ్రవరిలో సెలవులకి వచ్చాక, యార్డులో మీ పక్కన నిలబడి, మీరు చెప్పింది సరో కాదో నేను చెబుతాను.

మీ తమ్ముడి కూతురు