స్వరలహరిలో నా మౌనవ్రతం

సెప్టెంబరు 14, ఆదివారం

ఉదయం మామూలుగానే తెల్లవారింది. పాలు కాచాను. గుమ్మం కడిగి చిన్న ముగ్గు వేశాను. పూలామె మందారాలు లేవంటూ గుప్పెడు నందివర్ధనాలు ఇచ్చి వెళ్ళింది. దీపం పెట్టి లలితా సహస్రనామం మొదలుపెట్టాను. సగంలో ఉండగా మా వారు కుటుంబరావు గారు గుమ్మంలో నిలబడి, ఇడ్లీల్లోకి పల్లీ చట్నీయా, కొబ్బరి చట్నీయా అని అడిగారు. పారాయణ మధ్యలో మాట్లాడనని తెలిసీ పెళ్ళయినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. కళ్ళతో పల్లీ అని చెప్పాను. ఆయన కొబ్బరికాయ కొట్టారు.

హారతి ఇచ్చి లేచేసరికి నందిగామ నుంచి యామిని ఫోన్. మా ఆఖరి చెల్లెలు. థైరాయిడ్ ఆపరేషన్ అయి ఏడాది దాటింది. అప్పటి నుంచి పాట లేదు. స్నానాల గదిలో కూనిరాగం కూడా లేదని వాళ్ళబ్బాయి చెబుతుంటాడు.

"అక్కా, పాడుకోవచ్చన్నాడు డాక్టరు. దసరాల్లో గుడిలో పాడతా. మనవాళ్ళందరూ వాయించాలి. ఎప్పట్లాగే ఐదు శ్రుతిలో. ఐదులో పాడలేకపోయాననుకో, ఇంక ఈ జన్మకి పాట జోలికి పోను."

ఐదు శ్రుతి అంటే పై మెట్టు. యామిని గొంతు అక్కడ గుడిగంటలా పలికేది. మా జగ్గయ్యపేటలో సగం మంది ఆమెను పేరుతో కాదు, ఆ గొంతుతో గుర్తుపడతారు.

మా బృందం పేరు స్వరలహరి. మొదట్లో ఏడుగురం. వేణువు వాయించే మా మరిది మైకు ఎత్తు విషయంలో వెళ్ళిపోయాడు. వయొలిన్ రాజ్యశ్రీ శాలువా రంగు విషయంలో వెళ్ళిపోయింది. వీణ సీతారావమ్మ గారు ఎందుకు వెళ్ళారో ఆవిడకే తెలియదు. మిగిలింది నలుగురం. యామిని పాట. ఆమె కొడుకు వినయ్ కీబోర్డు. మా తమ్ముడు కిషోర్‌బాబు తబలా. నేను హార్మోనియం.

వెళ్ళిన ముగ్గురూ వెళ్ళేముందు ఒకటే చెప్పారు. పెద్దక్క ఎక్కువ మాట్లాడదు గానీ, మాట్లాడిందంటే వారం రోజులు అన్నం సహించదని.

అందుకని అమ్మవారి ముందు సంకల్పం చెప్పుకున్నాను. 28న కార్యక్రమం. అది అయ్యేవరకు బృందం విషయంలో నోరు తెరవను. ఎవరు ఏం వాయించినా, ఎలా వాయించినా.

చాలా తేలిక. సగం జీవితం అలాగే గడిచింది.

సెప్టెంబరు 15, సోమవారం

మా ఇంట్లో మొదటి సాధన. కిషోర్‌బాబు పప్పుల కొట్టు త్వరగా కట్టేసి వచ్చాడు. కొట్టులోనే తబలా శ్రుతి చేసుకుని, గుడ్డలో చుట్టి తెస్తాడు. అందరి ముందూ సుత్తి పట్టుకుని టకటకా కొట్టుకోవడం నామోషీ అంటాడు. చెవితో కూడా చేయడు. ఫోన్‌లో ఏదో యాప్ ఉంది. పచ్చదీపం వెలిగితే శ్రుతి కుదిరినట్టు.

యామిని ఐదులో ఎత్తుకుంది. పల్లవి బాగుంది. అనుపల్లవిలో పైకి వెళ్ళేచోట గొంతు చీలింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ చీలింది.

"దుమ్ము," అంది. "అక్కా, ఫ్యాను తుడిపించవే."

ఫ్యాను నిన్ననే తుడిపించాను. ఏమీ అనలేదు. వ్రతం మొదటి రోజు, దిగ్విజయం.

వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "ఆదివారం దాకా చూస్తా. లేదంటే వద్దులే," అంది. నా వైపు చూడలేదు.

సెప్టెంబరు 16, మంగళవారం

వినయ్ ఫోన్.

"పెద్దమ్మా, నా కీబోర్డులో ఒక బటన్ ఉంది. నొక్కితే శ్రుతి మొత్తం కిందికి దిగుతుంది. అమ్మకి ఐదు అని చెప్పి నాలుగు ఇద్దాం. ఏడాది పాడలేదు కదా, తేడా తెలీదు. నువ్వు కూడా హార్మోనియం నాలుగు నుంచి వాయించు. అమ్మ ముందు కూర్చుంటుంది, నీ వేళ్ళు చూడదు."

నేను మాట్లాడలేదు.

"అంటే సరేనా పెద్దమ్మా?"

మాట్లాడలేదు.

"థాంక్స్ పెద్దమ్మా."

మౌనవ్రతంలో ఇలాంటి సౌకర్యం ఉందని ఇన్నాళ్ళూ తెలియదు.

సెప్టెంబరు 17, బుధవారం

యామిని పాడింది.

అనుపల్లవి, చరణాలు, చివర మంగళం దాకా. ఎక్కడా చీలలేదు. పెరట్లో బట్టలు తీస్తున్న పక్కింటి జాయిస్ టీచరు గోడ దగ్గర అలాగే నిలబడిపోయింది. మా వారు పేపరు మడిచారు. ఆయన పేపరు మడవడం నేను ఎన్నికల ఫలితాల రోజు తప్ప చూడలేదు.

"ఐదేనా?" అంది యామిని.

"ఐదేనమ్మా," అన్నాడు వినయ్.

కళ్ళు తుడుచుకుంది. తర్వాత తబలా వైపు తిరిగింది.

"అన్నయ్యా, నీ తబలా ఏంటి అలా ఏడుస్తోంది?"

కిషోర్‌బాబు ఫోన్ తీసి పచ్చదీపం చూపించాడు. తబలా ఐదులో ఉంది. నిజమే. ఐదులో ఉన్నది అదొక్కటే.

"దీపం పచ్చగా ఉంటే సరిపోద్దా? చెవులుండాలి," అంది యామిని.

వినయ్ కీబోర్డు వైర్లు చూసుకున్నాడు. నేను హార్మోనియం తిత్తి చూసుకున్నాను. తమ్ముణ్ణి నిందించానని చెప్పడానికి లేదు. నేనేమీ అనలేదు కదా.

సెప్టెంబరు 19, శుక్రవారం

కిషోర్‌బాబు కొత్త సుత్తి కొన్నాడు. తబలా మళ్ళీ ఏడ్చింది.

యామిని గొంతు మాత్రం రోజురోజుకీ తేరుకుంటోంది. మా ఇంట్లోకి వస్తూనే గుమ్మంలోనే ఎత్తుకుంటోంది. బాగా తింటోంది కూడా. రెండు గిన్నెల పులిహోర. ఏడాదిగా చిలకలా తిన్న మనిషి.

చూస్తే సంతోషం. తమ్ముణ్ణి చూస్తే వేరు. ఒకవైపే చూడాలని నిశ్చయించుకున్నాను.

సెప్టెంబరు 21, ఆదివారం

కిషోర్‌బాబు విజయవాడ వెళ్ళి తబలాకి కొత్త తోలు మూత వేయించుకొచ్చాడు. కంచికచర్ల దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడట.

అయినా అంతే.

అప్పుడు వాడికి అనుమానం వచ్చింది. ఫోన్ తెచ్చి నా హార్మోనియం ముందు పెట్టాడు. "పెద్దక్కా, ఒక్కసారి ఐదు నొక్కు."

ఐదే నొక్కాను. పచ్చదీపం వెలిగింది. వాడు నొక్కమన్నది నొక్కాను. వాయించేటప్పుడు ఎక్కడి నుంచి వాయిస్తున్నానని అడగలేదు.

"హార్మోనియం కరెక్టే," అన్నాడు, దిగులుగా.

"నీ తబలానే తేడా అన్నయ్యా. అది శనగపప్పు డబ్బాలా మోగుతోంది," అంది యామిని.

"నోరు బాగా లేచిందే నీకు."

"గొంతు లేచింది. నోరెప్పుడూ ఉంది."

ఇద్దరూ నవ్వారు. కిషోర్‌బాబు కొంచెం తక్కువ నవ్వాడు.

సెప్టెంబరు 22, సోమవారం

నవరాత్రులు మొదలు. కలశం పెట్టాను. అమ్మవారి ముఖంలోకి సూటిగా చూడలేకపోయాను. దీపం పొగ అనుకున్నాను.

మా వారితో విషయం చెప్పాను. వ్రతం బృందం వరకే. ఆయన బృందంలో లేరు.

అంతా విని, "అబద్ధం ఆడటానికి నోరు కావాలి. నువ్వు నోరు లేకుండానే కానిచ్చావు. నీ వ్రతం గొప్పదోయ్," అన్నారు.

మధ్యాహ్నం ఆయనకు చట్నీ లేదు. అది బృందానికి సంబంధం లేని విషయం.

సెప్టెంబరు 24, బుధవారం

పరిస్థితి బాగాలేదు.

రెండో పాట మధ్యలో యామిని ఆపేసింది. "వినయ్, కీబోర్డులో తబలా ఉందిగా. అదే పెట్టు. ఆదివారం నాకు పోయిందంటే మళ్ళీ రాదు. నేను రిస్కు తీసుకోలేను. ఏమీ అనుకోకు అన్నయ్యా."

కిషోర్‌బాబు తబలాని గుడ్డలో చుట్టాడు. ఆ ముడి నాలుగుసార్లు జారింది. గుమ్మం దగ్గర ఆగి, నా వైపు చూశాడు.

"పెద్దక్కా, నువ్వయినా చెప్పు. నేను నిజంగా అంత దరిద్రంగా వాయిస్తున్నానా?"

నోటి దాకా వచ్చింది. యామిని నా వైపే చూస్తోంది. ఐదు కాదని తెలిస్తే, ఆ పిల్ల ఇక్కడే పాట ఆపేస్తుంది. చెప్పకపోతే వీడు వెళ్ళిపోతాడు. తమ్ముడు అలిగితే బతిమాలుకోవచ్చు. పాట అలిగితే ఎవరిని బతిమాలాలి?

"దసరా అయ్యాక మాట్లాడదాం," అన్నాను.

మూడు మాటలు. వ్రతం భంగం అయినట్టా, కానట్టా? ఎవరినీ ఏమీ అనలేదు కాబట్టి కానట్టే.

పది నిమిషాల తర్వాత వాట్సాప్‌లో: కిషోర్‌బాబు స్వరలహరి ఫ్యామిలీ గ్రూపు నుంచి నిష్క్రమించారు. వాడే ఆ గ్రూపు పెట్టింది.

సెప్టెంబరు 25, గురువారం

కందిపప్పు కావాలని కిషోర్‌బాబు కొట్టుకి వెళ్ళాను. ఇంట్లో రెండు కిలోలు ఉంది.

కొట్టు ఖాళీగా ఉంది. వాడు కళ్ళు మూసుకుని, త్రాసు చిప్ప మీద వేలితో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు. నన్ను చూసి సర్దుకున్నాడు.

"రేపు విజయవాడ వెళ్తున్నా పెద్దక్కా. చెవులు చూపించుకోవాలి."

"ఎందుకురా?"

"ఫోనేమో కరెక్టంటోంది. కొత్త మూత వేసినాయన కరెక్టన్నాడు. మీ అందరికీ తప్పు వినపడుతోంది. నిజం చెప్పాలంటే నాకూ తేడాగానే వినపడుతోంది. అంటే పోయేది నా చెవులేగా? నాన్నకి కూడా ఈ వయసులోనే మొదలైంది." పప్పు తూచి సంచిలో పోస్తూ మామూలుగా అన్నాడు. "చెవుడొస్తే కొట్టు నడుపుకోవచ్చులే. అరిచి చెబుతారు. తబలాయే..."

పప్పు అర కిలో ఎక్కువ పోశాడు.

సంచి పట్టుకుని ఇంటికి వచ్చాను. దారిలో ఎవరు పలకరించారో గుర్తులేదు.

సెప్టెంబరు 26, శుక్రవారం

పారాయణలో కూర్చున్నాను. పేర్లు ముందుకి సాగలేదు. పుస్తకం మూసి, అందరికీ ఫోన్ చేశాను. సాయంత్రం రావాలి. కిషోర్‌బాబుని ఆసుపత్రికి వెళ్ళొద్దన్నాను.

"అపాయింట్‌మెంట్ ఉంది పెద్దక్కా."

"నీ చెవులు బాగున్నాయి. సాయంత్రం రా."

అందరూ వచ్చారు. ఎవరూ కూర్చోకముందే చెప్పేశాను. కూర్చుంటే కాఫీ ఇవ్వాలి, కాఫీ ఇస్తే చెప్పలేను.

"యామినీ, నువ్వు పదిహేడో తారీకు నుంచి నాలుగులో పాడుతున్నావు. వినయ్ దించాడు, నేను వాయించాను. తబలా ఒక్కటే ఐదులో ఉంది. వాడి తప్పు లేదు."

ఫ్యాను చప్పుడు వినపడింది. నిజంగానే దుమ్ముగా ఉంది.

మొదట కిషోర్‌బాబు నవ్వాడు. "అంటే నా చెవులు బాగున్నాయి. బావా, విన్నావా, నా చెవులు బాగున్నాయి." అంతలోనే ముఖం మారింది. "మరి బస్సులో తబలాని ఒళ్ళో పెట్టుకుని నేనెందుకు తిరిగాను? నా పక్కన కూర్చుని వినోదం చూస్తున్నారా మీరు?"

"మావయ్యా, అమ్మ కోసం..."

"నువ్వు మాట్లాడకు. నీకసలు బటన్లు లేని వాద్యం చేతికివ్వాలి."

యామిని నా హార్మోనియం దగ్గరకు వచ్చి కూర్చుంది. నాలుగు మీద వేలు పెట్టి నొక్కింది. చాలాసేపు అలాగే పట్టుకుంది.

"ఐదులో ఇంక రాదా అక్కా?"

"తెలియదే. ఇప్పుడైతే లేదు."

"ఈ మాట మొదటి రోజే చెప్పుంటే?"

"పాడేదానివి కాదు."

"పాడేదాన్ని కాదు," ఒప్పుకుంది. కానీ కోపం దిగలేదు. "నా గొంతు సంగతి నాకు చెప్పకుండా, నా చేత అన్నయ్యని శనగపప్పు డబ్బా అనిపించారు. ఇంట్లో పెద్దదానివి. నువ్వు కూడానా?"

 

లేచి వంటింట్లోకి వెళ్ళింది. పంపు చప్పుడు. ముఖం కడుక్కుని వచ్చి చాప మీద కూర్చుంది. నా వేళ్ళు కనపడేలా, నా వైపు తిరిగి.

"నాలుగు ఇవ్వు. నాలుగని చెప్పి ఇవ్వు."

"నాలుగు," అన్నాను.

మొదటి మాట దగ్గరే గొంతు వణికింది. ఆపింది. వినయ్ ముందుకి వంగాడు. చేత్తో ఆగమంది. మళ్ళీ ఎత్తుకుంది. పూర్తిగా పాడింది. పాత గంట కాదు. కొంచెం బరువైన గొంతు, కొత్త మనిషిది. కిషోర్‌బాబు తబలా విప్పలేదు గానీ, మోకాలి మీద వేళ్ళు మాత్రం ఆడాయి. పాట అయ్యాక "బాగుందే" అన్నాడు. వెంటనే, "నేను మాత్రం మీతో కూర్చోను," అన్నాడు.

తర్వాత టీ. తర్వాత నిర్ణయాలు.

స్వరలహరి ఈ సాయంత్రంతో రద్దు. ఆదివారం యామిని నాలుగు శ్రుతిలో పాడుతుంది. నాలుగు అని మైకులో తనే చెప్పి మొదలుపెడుతుంది. కీబోర్డు ఉండదు. వినయ్ మైకులు, వైర్లు, మంచినీళ్ళు చూసుకుంటాడు. కిషోర్‌బాబు విడిగా తబలా వాయిస్తాడు, ఐదులో, కొత్త మూత చూసేవాళ్ళు చూడాలని. గుడి వాళ్ళతో మా వారు మాట్లాడి ఒక బృందం చోట రెండు రాయిస్తారు. ముందు ఎవరు, వెనక ఎవరు అనే దగ్గర ఇద్దరూ గంట సేపు అరుచుకున్నారు. చివరికి చెల్లెలే ముందు పాడమని కిషోర్‌బాబు ఒప్పుకున్నాడు. చివర వాయించేవాళ్ళే పెద్ద వాద్యగాళ్ళు అని మా వారు వాడి చెవిలో చెప్పబట్టి.

ఇద్దరికీ హార్మోనియం నేనే వాయించాలని నిర్ణయించారు. నన్నెవరూ అడగలేదు.

రేపు దీపం దగ్గర మళ్ళీ సంకల్పం చెప్పుకుంటాను. ఆదివారం దాకా ఎవరినీ ఏమీ అనను. ఈసారి రెండు బృందాలు. శ్రుతి ఎంతని అడిగితే మాత్రం చెబుతాను.