మంచుకొండల్లో నీ దూది

సుభద్రా,

నువ్వు లేని తొలి చలికాలం ఇది. పురిటికి చల్లపల్లి రావలసిన మన అమ్మాయి అక్కడే, అల్లుడు పనిచేసే మంచుకొండల్లోనే, నెల ముందుగానే కనేసింది. ఆ చలికి పసిగుడ్డు తట్టుకుంటాడా అని నాకు ముద్ద దిగలేదు. నిన్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను.

“నాన్నా, కిటికీ బయట గుప్పెడంత పిట్ట! ఈకలు ఉబ్బించి, ముక్కు వాటిలో దూర్చుకుంది. ఈకల్లో చిక్కిన గాలే దానికి దుప్పటి. రాత్రంతా వణికి వేడి పుట్టించుకుంటుందట.”

“పిట్ట పురాణం తర్వాత చెబుదువుగాని, పిల్లాడెలా ఉన్నాడే?”

“నా గుండెల మీద వెచ్చగా పడుకున్నాడు. డాక్టరు గారు భయం లేదన్నారు. నా చెవుల్లో అమ్మ చుట్టి పంపిన దూదే.”

నువ్వు వాటిని పంపేటప్పుడు, మంచుకి దూది ఉండలేం చేస్తాయని నిన్ను ఆటపట్టించాను. దూదిలో దాగేదీ గాలేగా! పిట్టకీ నీకూ తెలిసింది, ఇన్ని పుస్తకాలు చదివిన నాకే తట్టలేదు.

ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను.