ఏడో వార్డు ఏకగ్రీవం

విజయనగరం, సోమవారం

మావయ్యకి, అత్తకి దేవి నమస్కారాలు.

సముద్రం మీద వేటలో మీ ఫోను గంగమ్మకి సమర్పించుకున్నారట కదా, అందుకే ఈ ఉత్తరం. మార్కెట్టుకి చేపలు తెచ్చిన ఈశ్వరి వదిన గంపలో పంపుతున్నాను. వాసనొస్తే నన్ననుకోకండి.

మన పేటలో ఏడో వార్డు మెంబరుకి ఈసారి నేను నిలబడాలనుకుంటున్నాను. మొన్న గ్రామసభలో "మంచినీళ్ళ ట్యాంకు కడిగి ఎన్నాళ్ళయింది?" అని అడిగితే, "ఆడగుంటవి, నీకేటి తెలుసు, కూసో" అన్నారు. కూర్చున్నాను. ఆ రోజు నుంచీ కూర్చోవాలంటేనే ఒళ్ళు మండుతోంది. ఇరవై ఒకటి నిండాయి, ఓటూ అక్కడే ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచింది మీరు. ఫారంలో పెన్సిలు గీత ఉన్నచోట సంతకం పెట్టి దీవించండి. మీరు కాదంటే ఇంకెవరినీ అడగను.

మీ మేనకోడలు,
దేవి

---

పేట, మంగళవారం

చిరంజీవి దేవికి మావ కొండబాబు దీవించి, మీ అత్త సేత రాయిస్తన్న ఉత్తరం.

నువ్వు నిలబడతానన్నావని మీ అత్త సదివి ఇనిపించినాది. నా గుండె ఇంతయిపోనాది. ఆడపిల్ల తన కాళ్ళ మీద తాను నిలబడకపోతే ఎలాగ? ఎవులడ్డొచ్చినా కూసోకు. సంతకం గట్టిగా పెట్టినాను, కాయితం అవతలి పక్కకి కూడా దిగినాది.

ఇక్కడ పంచాయితీ ఎలచ్చన్లు. ఏడో వార్డు ఆడోల్లకొచ్చినాది. పెద్దలం కూసోని మీ అత్త పేరు ఖాయం సేసీసినాం. ఆవిడికేటి కష్టం? నాను సూపించిన కాడ సంతకం పెట్టడవే. మన పేట పుట్టిన కాడ్నించి పంచాయితీకి ఓటేసుకున్నోల్లం కాదు. అంతా ఏకగ్రీవం.

మీ మావ,
కొండబాబు

తా.క. ఈ ముక్క మీ అత్త సొంతంగా రాస్తున్నది. నీ ఉత్తరం చదువుతూంటే సరిగ్గా 'ఏడో వార్డు' అన్నచోట నాకు దగ్గొచ్చింది. గ్రామసభ దగ్గరా, ఓటు దగ్గరా మళ్ళీ వచ్చింది. గాలి మారింది కాబోలు.

---

విజయనగరం, గురువారం

మావయ్యకి కోటి దండాలు.

మీ మనసు ఇంత పెద్దదని తెలియక ఇన్నాళ్ళూ భయపడ్డాను. అత్తని మీరే నిలబెట్టి, అత్త మీద పోటీకి నాకూ సంతకం పెట్టి, పైగా "కూసోకు" అన్నారే! ఎవరింట్లో ఉంటారు ఇలాంటి మావయ్య? నిన్ననే మండలాఫీసుకి వెళ్ళి నామినేషన్ వేసేశాను. మీ ఉత్తరం హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. ఎన్నికలంటే సెలవు దినం అనుకునే నా రూమ్మేటు సంహిత కూడా ఓటరు జాబితాలో పేరు చేర్చమని ఫారం నింపింది.

మీ దేవి

తా.క. అత్త దగ్గుకి మిరియాల కషాయం ఇవ్వండి. అశ్రద్ధ చేయకండి.

---

పేట, శనివారం

దేవికి. దీవెన్లు ఇప్పుడు లేవు, తరవాత సూద్దాం.

మండలాఫీసు గోడ మీద కాయితం అంటించినారు. మన పక్కింటి గణపతిరావు పదిమందిలో గట్టిగా సదివినాడు. లక్ష్మణమ్మ, భర్త కొండబాబు. దాని కింద దేవి, ప్రతిపాదించినోడు కొండబాబు! జనం ఒకటే నవ్వు. ఉద్యోగం కాయితమనుకోని ఏసిన సంతకమే అది!

ఏడో వార్డులో ఒకటే పేరుంటాదని పెద్దలకి మాటిచ్చినాను. ఆ మాట పోతే నాను మరి పెద్దల వరసలో కూసోలేను. సోమవారం మూడు గంటలకి గడువు. వెనక్కి తీసుకునే కాయితం మీద సంతకం పెట్టి పంపు. పంపకపోతే మా గుమ్మం తొక్కొద్దు. సెప్పీసినాను.

కొండబాబు

తా.క. గుమ్మం మాట నేను రాయనని కలం పక్కన పడేశాను. రెండుసార్లు అరిచాడు, మూడోసారి ఏడ్చాడు. అందుకని రాశాను. నా దగ్గు తగ్గింది, మీ మావకి అంతా తెలిసిపోయాక ఇంక దగ్గి ఏం లాభం?

---

విజయనగరం, ఆదివారం

మావయ్యకి,

పొద్దుటి నుంచి అన్నం సయించలేదు. పోటీ చేసి ఓడిపోతే ఇంత బాధ ఉండేది కాదు. మీ మీద కోపంగా ఉంది. మిమ్మల్ని కాదనలేకపోతున్నందుకు నా మీద ఇంకా కోపంగా ఉంది. సెలవులిస్తే వెళ్ళడానికి నాకున్నది ఆ ఒక్క గుమ్మమే.

రేపు పరీక్ష, రాలేను. కాగితం మీద సంతకం పెట్టి పంపుతున్నాను. ప్రతిపాదించినవారు కాబట్టి నా తరఫున మీరే ఇవ్వచ్చట. ఇచ్చేయండి.

దేవి

తా.క. సంహిత తన ఫారం చింపేస్తుందేమో అనుకున్నాను. చింపలేదు. "మీ మావ ఊళ్ళో నాకు ఓటు లేదు గానీ, ఉంటేనా!" అంది.

---

మండలాఫీసు వరండా, సోమవారం

దేవికి అత్త లక్ష్మణమ్మ దీవెనలు. ఈ ఉత్తరం ఎవరూ చెప్పి రాయించింది కాదు.

మీ మావ పెద్దలందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. పోటీలో ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ లోపలికి కుదరదని పోలీసాయన గేటు దగ్గరే ఆపేశాడు. "నువ్వెల్లి ఇచ్చీసి రా, ఏటీ మాటాడకు" అని నీ కాగితం నా చేతిలో పెట్టాడు. తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆఫీసరుగారిని ఇంకో కాగితం అడిగి, నా పేరు రాసి, నేను వెనక్కి తగ్గుతున్నానని సంతకం చేసి ఇచ్చేశాను. పాతికేళ్ళుగా ఆయన మాటలు రాసిన చెయ్యి, ఈవేళ నా మాట రాసింది. నీ కాగితం నా దగ్గరే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు.

నా పేరు పెట్టి ఆయన మెంబరుగిరీ చేస్తే ఆ ట్యాంకు ఇంకో అయిదేళ్ళు అలాగే ఉంటుంది. ఆ నీళ్ళు రోజూ మోసేది నేను, వాటిలో పురుగులు వడకట్టేదీ నేనే. మూడు గంటలు దాటాయి. మిగిలింది ఒకటే పేరు. ఇప్పుడు నువ్వే మెంబరువి.

గుమ్మం సంగతంటావా? దాన్ని తుడిచి ముగ్గేసేది నేను. నేను రమ్మంటున్నాను. పరీక్ష బాగా రాసి రా.

మీ అత్త,
లక్ష్మణమ్మ

తా.క. ఏకగ్రీవం అయిపోయిందని మీ మావ గేటు దగ్గర పెద్దలందరికీ టీ ఇప్పిస్తున్నాడు. ఇప్పుడే గోడ మీద కాగితం అంటించారు. గణపతిరావు చదివితే మళ్ళీ నవ్వుతాడట. "ఒసే, నువ్వే రా, పదిమందికీ ఇనిపించేలాగ గట్టిగా సదువు" అని కేకేస్తున్నాడు. వెళ్తున్నాను.